సైకిల్ పక్కన కుక్కను పరిగెత్తించడం సబబేనా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
కేసీ కాలువ గట్టు మీదకు ఉదయం కుక్కలతో పరుగుకు వచ్చేవారు పెరిగారు. సంతోషమే. కానీ కొందరు గొలుసును సైకిల్ హ్యాండిల్‌కు కట్టి కుక్కను లాక్కుపోతున్నారు. సైకిల్ పూర్తిగా మానాలన్నది నా వాదన. మనం పరిగెత్తితే సాధారణంగా ముందు అలిసేది మనమే, కుక్కకు అదే రక్ష. సైకిల్ మీద మనకు అలుపు తెలియదు. అది మాత్రం యజమానిని వదల్లేక పరిగెడుతూనే ఉంటుంది. దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొద్దిగా పడుతుంది, అంతే. ఒంట్లో వేడి తగ్గాలంటే రొప్పడమే దిక్కు. మన ఏప్రిల్, మే నెలల్లో పీల్చే గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పి ఏం లాభం?

అనంత సైకిల్ (అనంతపురం):
అన్నా, హ్యాండిల్‌కు కట్టడం తప్పే. కుక్క పక్కకు లాగితే ఇద్దరూ పడతారు. సీటు కింద స్ప్రింగు కడ్డీ బిగించి గొలుసు దానికి తగిలించి, మెడపట్టీ బదులు ఛాతీకి హార్నెస్ వేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. అంతమాత్రాన సైకిలే వద్దంటే ఎలా? మాది ముధోల్ వేటకుక్క. నా పరుగు దానికి నడకతో సమానం. ఐరోపాలో కుక్కలతో పరుగుకు కానిక్రాస్ అని, సైకిల్‌కు బైక్‌జోరింగ్ అని పోటీలే జరుగుతున్నాయి కదా.

హంద్రీ ఒడ్డు:
అక్కడ కుక్క ముందుండి లాగుతుంది తమ్ముడూ, వెనక సైకిల్ వస్తుంది. ఇక్కడ వేగం మన పెడల్‌ది. పైగా ఆ పోటీలు ఎక్కువగా చలి నెలల్లోనే పెడతారు.

పాలకొండ నీడ (కడప):
కుక్కలన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు మీరిద్దరూ. మా ఇంట్లో పగ్ ఉంది. ఆ చప్పిడి ముక్కుతో ఊపిరాడటమే కష్టం, దానికి పరుగే ప్రమాదం. మా వీధిలో ఆరు నెలల లాబ్రడార్ పిల్లను రోజూ తారు రోడ్డు మీద పరిగెత్తిస్తున్నారు. పెద్ద జాతుల్లో ఎముకల ఎదుగుదల ముగియడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు ఆగలేరా? ఇక వీధికుక్కలు మీదపడితే సైకిల్ మీద ఉన్నవారు తమ కుక్కను ఎలా కాపాడుకుంటారు?

అనంత సైకిల్:
అక్కా, అందుకే కాలనీ దాటేవరకు నడిపిస్తాను. పొలాల మధ్య మట్టిబాట వచ్చాకే సైకిల్ ఎక్కుతాను. కుక్కను తేలికపాటి పరుగు దాటనివ్వను, నీడవైపు లాగితే ఆపేస్తాను. మార్చి నుంచి జూన్ దాకా సైకిల్ తీయను.

హంద్రీ ఒడ్డు:
ఇలాగైతే నీ విషయంలో నాకు అభ్యంతరం లేదు. నా భయమంతా గమనించనివారి గురించే. కుక్క మామూలు ఒంటివేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. అది తూలినా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, గాలి తగలనిచ్చి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. దారిలోనూ తడుపుతూనే ఉండాలి. ఇది తెలియనివారు గొలుసును సైకిల్‌కు కట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.