‘బీయింగ్ జాన్ మాల్కోవిచ్’ చూసినవాళ్లు ఉన్నారా?

ఏడున్నర:
1999లో వచ్చిన ఈ సినిమా నిన్న రాత్రి చూశాను. పొద్దుట్నుంచి ఇంకో పని మీదికి మనసు పోవడం లేదు. బొమ్మలాట నమ్ముకున్న క్రెయిగ్, పూట గడవక న్యూయార్క్‌లో ఫైళ్లు సర్దే ఉద్యోగంలో చేరతాడు. ఆఫీసు ఏడున్నరో అంతస్తులో! పైకప్పు తలకు తగులుతుందని అందరూ నడుం వంచే తిరుగుతారు. అక్కడ బీరువా వెనక చిన్న తలుపు. అందులో దూరితే నటుడు జాన్ మాల్కోవిచ్ తలలో ఉంటాం. పదిహేను నిమిషాలు ఆయన కళ్లతో చూశాక న్యూజెర్సీ హైవే పక్కన వచ్చి పడతాం. ఆ పాత్ర వేసింది నిజం మాల్కోవిచ్చే. తీసిన స్పైక్ జోన్జ్‌కి, రాసిన చార్లీ కాఫ్మన్‌కి ఇద్దరికీ ఇదే తొలి సినిమా అంటే నమ్మలేకపోయాను. మీకు ఏ సీన్ మనసులో ఉండిపోయింది?

వెన్నెల మేడ:
ఇది మన పరకాయ ప్రవేశమే కదండీ. ఆదిశంకరులు అమరుక రాజు శరీరంలోకి వెళ్లిన కథ మా తాతయ్య చెప్పేవారు. నాకు అదే గుర్తొచ్చింది.

పాత టికెట్:
పెద్ద తేడా ఉందండీ. అమరుకుడు అప్పటికే చనిపోయాడు, ఆ ఒళ్లు ఖాళీ. మాల్కోవిచ్ బతికే ఉన్నాడు, టోస్ట్ తింటున్నాడు, పేపర్ చదువుకుంటున్నాడు. ఆయన్ని అడక్కుండానే క్రెయిగ్, అదే అంతస్తులో పనిచేసే మాక్సీన్ కలిసి 200 డాలర్ల టికెట్ పెట్టి జనాన్ని ఆయన తలలోకి పంపిస్తారు. సంగతి తెలిసి ఆయనే ఆ తలుపులో దూరితే, రెస్టారెంట్లో ఆడామగా అందరికీ ఆయన ముఖమే. అందరి నోటా ‘మాల్కోవిచ్’ అన్న ఒక్క మాటే, మెనూ కార్డులో కూడా. నవ్వుతూ నవ్వుతూ భయపడ్డాను. ఆ తలుపు మూసెయ్యమని ఆయన అడిగితే, అది నా బతుకుతెరువు అంటాడు క్రెయిగ్. నాకు అక్కడ కడుపు మండింది.

రాత్రి షిఫ్ట్:
2006లో హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో చేరినప్పుడు నాకు ‘కెవిన్’ అని పేరు పెట్టారు. ఒకరోజు అమ్మ ఫోన్ చేస్తే కెవిన్ గొంతుతోనే హలో అన్నాను. రాంగ్ నంబర్ అనుకుని పెట్టేసింది. అందుకే నాకు క్రెయిగ్ కన్నా అతని భార్య లాటీ దగ్గరగా అనిపించింది. ఇంకొకరి ఒంట్లోకి వెళ్లొచ్చాకే తానెవరో ఆమెకు తెలిసొస్తుంది. కెవిన్‌గా మాట్లాడేటప్పుడు నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చేది. ఉద్యోగం మానేశాక ఆ పేరు పోయింది, ధైర్యం మాత్రం ఉండిపోయింది. అది మొదట్నుంచీ నాదేనా?

తోలుబొమ్మ:
మాది నిమ్మలకుంట దగ్గర, తోలుబొమ్మలాట చూస్తూ పెరిగాను. ఈ సినిమా మొదట్లో క్రెయిగ్ పోలికలే ఉన్న బొమ్మ ఆడుతూ ఆడుతూ తల పైకెత్తి, తనను ఆడిస్తున్నవాణ్ణి చూస్తుంది. ఒళ్లు జలదరించింది. అదే ఆట తర్వాత క్రెయిగ్ మాల్కోవిచ్ తలలో ఉండి ఆయన ఒంటితో ఆడిస్తాడు. మా ఊళ్లో ఆడించేవాళ్లు రాముడికి రాముడి గొంతు, రావణుడికి రావణుడి గొంతు ఇస్తారు. తాము తెర వెనకే ఉండిపోతారు. క్రెయిగ్ చెయ్యి గొప్పదే. కానీ ఏ బొమ్మ పట్టుకున్నా తన బాధే ఆడిస్తాడు. బొమ్మకి దాని మాట దానికి ఇవ్వడు.

ఏడున్నర:
మీ మాట చదివాక ముగింపు మళ్లీ పెట్టుకుని చూశాను తోలుబొమ్మ గారూ. (చూడనివాళ్లు ఇక్కడ ఆగండి.) క్రెయిగ్ చివరికి మాక్సీన్, లాటీ పెంచుకుంటున్న పాప తలలో ఇరుక్కుపోతాడు. పాప వాళ్లిద్దర్నీ ప్రేమగా చూస్తుంటే, చూపు తిప్పుకోమని లోపల్నుంచి వేడుకుంటాడు. పాపకి వినపడదు. ఆ తర్వాత నీళ్లలో హాయిగా ఈదుకుంటూ పోతుంది.