ప్రజాస్వామ్యం అన్ని దేశాలకూ సరిపోతుందా? సింగపూర్ పేరెత్తేవాళ్ళకు జవాబులు

కృష్ణలంక కరకట్ట:
"ఓట్ల గోల దండగ, సింగపూర్‌లా గట్టి నాయకుడు ఇరవయ్యేళ్ళు ఉంటే చాలు" అని నిన్న ఇక్కడ ఒకాయన రాశారు. అందరూ ఆయన మీద పడ్డారు గానీ, ఆ మాటలో పస లేకపోలేదు. ఇరాక్ చూడండి. 2003లో అమెరికా సైన్యం దిగి, పాత సైన్యాన్ని రద్దు చేసింది, సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ వాళ్ళను ఉద్యోగాల్లోంచి తీసేసింది. తుపాకి పట్టడం తెలిసిన లక్షలమంది జీతాల్లేక రోడ్డున పడ్డారు. 2005 జనవరిలో ఎన్నికలు పెడితే సున్నీలు చాలావరకు బహిష్కరించారు, మిగతావాళ్ళు ఎక్కువమంది తమ వర్గం పార్టీకే ఓటు గుద్దారు. మరుసటేడు వర్గాల మధ్య నెత్తురు పారింది. పోలీసు, కోర్టు నిలబడకముందే బ్యాలెట్ పెట్టె తెస్తే అది ఏ వర్గంలో ఎందరున్నారో తేల్చే జనాభా లెక్కల పని చేస్తుంది, అంతే. దక్షిణ కొరియా, తైవాన్ ముందు భూసంస్కరణలు చేశాయి, తర్వాత ఫ్యాక్టరీలు పెట్టాయి. అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే ఓటు కొరియాకు 1987లో తిరిగొచ్చింది, తైవాన్‌కు 1996లో వచ్చింది.

బ్రాడీపేట నాలుగో లైను:
కరకట్ట గారూ, ఇరాక్ సంగతి ఒప్పుకుంటా. సింగపూర్‌లో ఓట్లు లేవని ఎవరన్నారండీ? అక్కడ ఓటెయ్యకపోతే జాబితాలోంచి పేరే తీసేస్తారు. 1959 నుంచీ గెలుస్తున్న పార్టీయే ఇప్పటికీ గెలవడానికి ఒక కిటుకు నియోజకవర్గాల్లో ఉంది. 1988 నుంచి చాలాచోట్ల ఒక్కడు నిలబడితే కుదరదు. జట్టుగా పోటీ చెయ్యాలి, అందులో మైనారిటీ అభ్యర్థి ఉండాలి, గెలిస్తే జట్టు మొత్తం గెలిచినట్టే. చిన్న పార్టీకి ఆ జట్టు కూర్చుకోవడమే గగనం. 2020లో ఆ పాలక పార్టీకి 61 శాతం ఓట్లకే 93లో 83 సీట్లు వచ్చాయి. మెచ్చుకోండి, తిట్టండి, ఎన్నికల్లేని పాలన అని మాత్రం అనకండి.

అలాంటిది కావాలంటే 1959-61 నాటి చైనా ఉంది. కింది అధికారులు పైవాళ్ళ మెప్పు కోసం దిగుబడి పెంచి రాశారు. ఆ కాగితపు లెక్క మీదే ధాన్యం సేకరించారు. గింజలు గిడ్డంగికి పోయాయి, ఊళ్ళకు ఆకలి మిగిలింది. కోట్లమంది పోయారు. స్వేచ్ఛగా రాసే పత్రిక, నిలదీసే ప్రతిపక్షం ఉంటే అంతదాకా రాదన్నది ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదం. (ఏళ్ళతరబడి సాగే పోషకాహార లోపాన్ని మన ఓట్లు తీర్చలేదు. అదీ ఆయనే అన్నారు.)

పాత గుంటూరు:
చైనా దాకా ఎందుకు, మన గుంటూరు కార్పొరేషన్ ఉందిగా! 2005లో ఎన్నిక, 2010లో గడువు తీరింది, మళ్ళీ ఓటు పడింది 2021 మార్చిలో. గడువు తీరేలోపే ఎన్నిక జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతుంది. శివారు పంచాయతీల విలీనం, డివిజన్ల హద్దులు అంటూ సాగదీశారు. ఈలోపు ప్రత్యేకాధికారి పాలన. ఆ అధికారి మంచివాడా కాదా అన్నది కాదు విషయం. మామూలుగా కమిషనర్ ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు రావాలి. అజెండా కార్పొరేటర్ల చేతికొస్తుంది, ఎవరో ఒకరు ఎస్టిమేటు చూసి లేచి అడుగుతారు. ప్రత్యేకాధికారి ఉంటే కౌన్సిల్ అధికారాలన్నీ ఆయనవే. ప్రతిపాదించేదీ సర్కారు ఉద్యోగే, ఆమోదించేదీ సర్కారు ఉద్యోగే. మురుక్కాలవ పొంగితే వీధిలో నిలబెట్టి అడగడానికి మనిషుండడు.

కృష్ణలంక కరకట్ట:
మరి శ్రీలంకో? ఎన్నికైన అధ్యక్షుడే 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశాడు. వరి దిగుబడి పడిపోయి బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. ఓటు కాపాడుతుందని మన మిర్చి రైతుకు చెప్పి చూడండి.

బ్రాడీపేట నాలుగో లైను:
కాపాడలేదు, నిజమే. కానీ ఆ నవంబరు కల్లా నిషేధం ఎత్తేశారు. 2022 జూలైలో ఆయన దేశం విడిచి పారిపోయాడు. పార్లమెంటు ఓటేసి ఇంకొకర్ని కూర్చోబెట్టింది, 2024లో జనం ఆయన్నీ ఓడించారు. సైన్యం గద్దెనెక్కలేదు. చైనాలో అంత కరువు తర్వాత కూడా మావో 1976లో పోయేదాకా పార్టీ ఛైర్మనే.

కృష్ణలంక కరకట్ట:
సరే, దించే దారి ఉండాలి, ఒప్పుకున్నా. 2003లో ఇరాక్ మీ చేతిలో పెడితే ముందు ఏది పెడతారు? కోర్టా, పోలీసా, ఓటా?

పాత గుంటూరు:
అన్నిటికంటే ముందు ఆ సైన్యానికి జీతాలు. తర్వాత మున్సిపాలిటీ ఎన్నికలు. నీళ్ళ మీద, చెత్త మీద కొట్లాడుకోవడం అలవాటయ్యాక పార్లమెంటు సంగతి.