ఓజోన్ మరణాల లెక్క: ఎక్కువ చేసి చెబుతున్నారా, తక్కువ చేసి చూపుతున్నారా?

లెక్కలమాస్టారు:
నేల దగ్గరి ఓజోన్ గురించి, అంటే ఆకాశంలో మనల్ని కాపాడే పొర కాదు, మనం పీల్చే గాలిలో కలిసే ఓజోన్ వాయువు గురించి, ఈమధ్య ఆందోళన బాగా పెరిగింది. స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్ 2024 నివేదిక ప్రకారం 2021లో గాలి కాలుష్యం వల్ల ప్రపంచవ్యాప్తంగా 81 లక్షల మంది చనిపోయారు. అందులో ఓజోన్ ఖాతాలో పడ్డవి సుమారు 4.9 లక్షలు. సింహభాగం పీఎం 2.5 అనే సన్నని ధూళిదే. డబ్బు, సిబ్బంది, చట్టం చేయించే ఓపిక ఏ దేశానికైనా పరిమితమే కదా. ముందు ధూళి సంగతి తేల్చాలి, ఓజోన్ తర్వాత. పైగా ఈ 4.9 లక్షల మందిలో ఎవరి మరణ ధ్రువపత్రంలోనూ ఓజోన్ అని ఉండదు. అది మోడల్ ఇచ్చిన అంకె. కాదనేవాళ్లు చెప్పండి, వింటాను.

శ్వాస:
మాస్టారూ, ధ్రువపత్రంలో ధూళి అని కూడా ఎవరూ రాయరు. రెండూ ఒకే పద్ధతిలో వచ్చిన అంకెలే. అసలు చూడాల్సింది ఆ 4.9 లక్షల్లో ఏం లెక్కేశారన్నది. సీఓపీడీ, అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు మరణాలు మాత్రమే. గుండె జబ్బులు అందులో లేవు. ఆస్తమాతో ఆసుపత్రికి పరుగెత్తి బతికి బయటపడ్డవాళ్లు మరణాల పట్టికలో ఎలాగూ కనిపించరు.

ఇంకో సంగతి. అమెరికాలో సుమారు నాలుగున్నర లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన జెరెట్ బృందం అధ్యయనం 2009లో వచ్చింది. చాలా అంచనాలు దాని మీదే నడిచాయి. 2016లో టర్నర్ బృందం మరింత సమాచారంతో చూస్తే ముప్పు ఇంకా ఎక్కువని తేలింది. ఆ కొత్త ముప్పు అంచనాతో 2010 సంవత్సరానికి మళ్లీ లెక్కేస్తే, ఓజోన్ వల్ల శ్వాసకోశ మరణాలు 10.4 లక్షల నుంచి 12.3 లక్షల దాకా వచ్చాయి. జెరెట్ బృందపు పాత అంచనాతో 4 నుంచి 5.5 లక్షలే. అదే ఏడాది, అదే గాలి, అదే జనం.

నీలిమేఘం:
నాకు టెన్షన్ పుట్టించేది సరిగ్గా అదే. ఒక అధ్యయనం మార్చగానే అంకె రెట్టింపైతే దాన్ని పట్టుకుని విధానాలు ఎలా రాస్తాం? ఓజోన్ పెరిగేది ఎండ బాగా కాసే రోజుల్లో. ఎండ, వేడి తమంతట తామే ప్రాణాలు తీస్తాయి. రెండింటినీ విడదీయడం కష్టం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2013లో గుండె జబ్బులకు ఓజోన్‌ను కొద్దికాలం పీల్చడం 'బహుశా కారణం' అంది. 2020 సమీక్షలో దాన్ని ఒక మెట్టు కిందికి దించింది.

పొద్దుతిరుగుడు:
అదే సమీక్ష ఊపిరితిత్తుల విషయంలో ఓజోన్‌ను కొద్దికాలం పీల్చడాన్ని నేరుగా 'కారణం' అన్న మెట్టు మీదే ఉంచింది కదండీ. అక్కడ వేడిని విడదీయడం కష్టమేమీ కాదు, ఎందుకంటే గదిలో పెట్టి పరీక్షించారు.

ఆ ప్రయోగాల తీరు చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను ఒక మూసిన గదిలోకి పంపుతారు. లోపల ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉంటాయి. కొలత ప్రకారం ఓజోన్ వదులుతారు. గంటలో 50 నిమిషాలు సైకిల్ తొక్కడమో నడవడమో, 10 నిమిషాలు విశ్రాంతి. మధ్యలో భోజనం. మొత్తం 6.6 గంటలు. మధ్యమధ్య గొట్టంలోకి బలంగా ఊదిస్తారు, ఒక సెకనులో ఎంత గాలి వదలగలిగారో చూస్తారు. శుభ్రమైన గాలితో ఇదంతా ఇంకోసారి చేయించి పోలుస్తారు. 80 పీపీబీ (వంద కోట్ల పాళ్ల గాలిలో 80 పాళ్ల ఓజోన్) దగ్గర ఊపిరి తగ్గడం స్పష్టంగా కనిపించింది. 60 దగ్గర కూడా సగటున కొద్దిగా తగ్గింది, కొందరిలో బాగా తగ్గింది. అమెరికా ప్రమాణం 8 గంటల సగటున 70 పీపీబీ. ఇక వీళ్లెవరికీ ఆస్తమా లేదు. ఉన్న పిల్లల మాటేమిటి? మా అబ్బాయికి ఉంది, అందుకే ఇంత పట్టుదలగా అడుగుతున్నాను.

లెక్కలమాస్టారు:
అమ్మా, ఆ తగ్గుదల చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. దాని నుంచి మరణానికి గీత గీయలేం.

వేణువు:
అమెరికాలోని అట్లాంటా నగరం ఉంది కదా. 1996 ఒలింపిక్స్‌కు 17 రోజులు కార్లు తగ్గించారు. గరిష్ఠ ఓజోన్ దాదాపు 28 శాతం పడిపోయింది, పిల్లల ఆస్తమా అత్యవసర కేసులు బాగా తగ్గాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

నీలిమేఘం:
వేణు గారూ, ఆ కథ 2010లో మారింది. మళ్లీ పరిశీలిస్తే ఆ రోజుల్లో ఒలింపిక్స్ లేని చుట్టుపక్కల ప్రాంతాల్లో కూడా ఓజోన్ తగ్గిందని తేలింది. అంటే వాతావరణం చేసిన పని చాలా ఉంది. ఆస్తమా కేసుల తగ్గుదల కూడా గట్టిగా నిలవలేదు. మంచి ఉద్దేశంతోనైనా బలహీనమైన ఉదాహరణ ముందుకు తెస్తే, మిగతా బలమైనవాటినీ జనం నమ్మరు.

శ్వాస:
ఒప్పుకుంటాను, అట్లాంటాను పక్కన పెడదాం. కానీ మాస్టారి 'ముందు ధూళి, తర్వాత ఓజోన్' అన్న వరుసకు నా అభ్యంతరం వేరే ఉంది. ఓజోన్‌ను ఏ పొగగొట్టమూ వదలదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్ల వంటి కర్బన వాయువులు ఎండలో కలిస్తే అది గాలిలోనే తయారవుతుంది. ఆ రెండింటి పాళ్లు తేడా వస్తే ఒకటి తగ్గించినా ఓజోన్ పెరగవచ్చు. చైనా చూడండి. 2013 నుంచి 2017 లోపు ధూళిని గణనీయంగా తగ్గించింది, గొప్ప పని. అదే కాలంలో చాలా నగరాల్లో వేసవి ఓజోన్ పెరిగింది. 2020 లాక్‌డౌన్‌లో వాహనాలు ఆగిపోయినా అనేక నగరాల్లో ఓజోన్ పైకి వెళ్లింది. మీరన్న వరుసలో వెళ్తే, ఒక జబ్బుకు మందు వేస్తూ రెండోదాన్ని మనమే పెంచుకోవచ్చు. రెండూ కలిపి ప్లాన్ చేయాలి.

లెక్కలమాస్టారు:
రసాయనం సంగతి బలమైన పాయింటే. అయినా అంకెల తేడా నా మనసులోంచి పోలేదు. కలిపి అంటే దేనితో మొదలుపెట్టమంటారు?

శ్వాస:
మీథేన్‌తో. అదీ గాలిలో ఓజోన్ తయారీకి ముడిసరుకే. నెమ్మదిగా ఖండాలు దాటి ప్రపంచమంతటా ఓజోన్ నేపథ్య స్థాయిని, అంటే అన్నిచోట్లా ఎప్పుడూ ఉండే కనీస మోతాదును, పెంచుతుంది. గ్యాస్ పైపుల లీకులు, చెత్త గుట్టలు, పశువులు, వరి పొలాలు దాని మూలాలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2021 అంచనా ప్రకారం ఏడాదికి పది లక్షల టన్నుల మీథేన్ తగ్గిస్తే సుమారు 1,430 అకాల మరణాలు తప్పుతాయి. ధూళి బడ్జెట్‌లోంచి పైసా తీయక్కర్లేదు, లీకులు ఆపితే గ్యాస్ కూడా మిగులుతుంది.

పొద్దుతిరుగుడు:
ఆ అంచనాకు కూడా టర్నర్ ముప్పు అంచనానే వాడారా, జెరెట్‌దా? నీలిమేఘం గారు ఎలాగూ అడుగుతారు, ముందే చెప్పండి. ఇంకోటి, ధూళికి కట్టే మాస్కు ఓజోన్‌ను ఆపదు, అది వాయువు. మా వాడి ఆటను మధ్యాహ్నం నుంచి పొద్దున్నకు మార్చాను. బడివాళ్లు మాత్రం ఇంకా మూడింటికే ఆడిస్తున్నారు.