ఉత్తర కొరియా ఘన ఇంధన క్షిపణి అంటే అంత కంగారెందుకు? ముందే కొట్టేస్తే పోదా?

చెరువుగట్టు అడిగిన ప్రశ్న:
ఉత్తర కొరియా వార్త వచ్చిందంటే మన చానెళ్లలో కిమ్ బొమ్మ, ఎర్ర బటన్, సైరన్ మోత. అసలు సంగతి ఒక్కరూ చెప్పరు. నాకు బుర్రకెక్కనివి రెండు. ఘన ఇంధన క్షిపణులు వచ్చాక ప్రమాదం పెరిగిందంటున్నారు. ఇంధనం గట్టిగా ఉంటే ఏంటి, నీళ్లలా ఉంటే ఏంటి, నెత్తిన పడేది అణుబాంబే కదా? రెండోది, అమెరికా, దక్షిణ కొరియాల దగ్గర అంత బలగం ఉంది, లాంచర్ బయటికి రాగానే పేల్చేయడానికి అడ్డమేంటి? "కిమ్ పిచ్చోడు" లాంటి జవాబులు వద్దు, అవి యూట్యూబ్‌లో బోలెడు.

ఇనపగుండు:
పడేది అదేనండీ, తేడా అంతా పడటానికి ముందు ఎదుటివాడికి దొరికే టైములో ఉంది.

2017 నవంబరు 29న ఉత్తర కొరియా ఎగరేసిన ఖండాంతర క్షిపణి హ్వాసాంగ్-15 ద్రవ ఇంధనంది. అందులో పోసేవి యూడీఎంహెచ్ అనే ఇంధనం, అది మండటానికి ఆక్సిజన్ అందించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే ఆక్సిడైజర్. రెండూ విషమే, ఒకదానికొకటి తగిలితే నిప్పు అక్కర్లేకుండానే అంటుకుంటాయి. ట్యాంకులు గట్టిగా సీలు చేసే పనితనం లేకపోతే నింపి ఊరికే ఉంచలేరు, వదలబోయే ముందు నింపాలి. అంటే క్షిపణి వాహనం వెనకాలే ట్యాంకర్లు, పంపులు, రబ్బరు సూట్లు తొడుక్కున్న మనుషులు. పెళ్లివారి బళ్లలా అంత వరస కదిలితే పైనుంచి చూసేవాడికి దొరికిపోతుంది.

2023 ఏప్రిల్ 13న మొదటిసారి ఎగిరిన హ్వాసాంగ్-18లో ఇంధనాన్ని ఫ్యాక్టరీలోనే మోటారులో పోసి గట్టిపడనిస్తారు. గొట్టంలో పెట్టి, తొమ్మిది ఇరుసుల లారీ మీద ఎక్కించి సొరంగంలో దాచేస్తారు. బయటికి తేవడం, నిలబెట్టడం, వదలడం, అంతే. దీనికీ జబ్బులున్నాయి. రోడ్డు కుదుపులకో చలికో ఇంధనం ముద్దలో పగులొస్తే మండే వైశాల్యం ఒక్కసారిగా పెరిగి, లోపలి ఒత్తిడికి మోటారే పేలిపోతుంది. ఆ పగులు బయటికి కనపడదు కూడా.

పోల్చుకోవడానికి ఒక లెక్క: 2023 ఫిబ్రవరి 18న హ్వాసాంగ్-15కి ఆర్డరు ఉదయం 8 గంటలకు ఇచ్చామని వాళ్ల వార్తాసంస్థే రాసుకుంది. క్షిపణి లేచింది సాయంత్రం 5:22కి. తొమ్మిది గంటల పైచిలుకు.

తుమ్మబంక:
ఇనపగుండు గారూ, ఆ తొమ్మిది గంటలూ ఇంధనం ఖాతాలో రాసేయకండి. రెండ్రోజులకే కిమ్ చెల్లెలు కిమ్ యో జాంగ్ దీనికి జవాబిచ్చింది. శత్రువు నిఘా విమానాలు దిగిపోయి ఆకాశం ఖాళీగా ఉన్న వేళ, మధ్యాహ్నం 3:30 నుంచి రాత్రి 7:45 లోపు చూసుకుని వదిలామంది. ఆవిడ మాట పూర్తిగా నమ్మక్కర్లేదు. కానీ మా మీద ఏ కళ్లు ఎప్పుడు ఉంటాయో మాకు తెలుసు అని చెప్పడం మాత్రం అందులో ఉంది. ఘన ఇంధనానికి ఈ తెలివి కూడా తోడైతే ముందే కనిపెట్టడం ఇంకా కష్టం.

ఇక రెండో ప్రశ్న. దక్షిణ కొరియా దగ్గర మూడంచెల పథకం ఉంది. దాడి ఖాయమనిపిస్తే ముందే లాంచర్లను కొట్టే కిల్ చెయిన్, వచ్చేవాటిని గాల్లో ఆపే రక్షణ వ్యవస్థ, వాళ్లు కొడితే బదులుగా నాయకత్వాన్నే లేపేసే ప్రతీకార దాడి. ఈ మూడో పనికోసమే చేసిన భారీ హ్యున్‌మూ-5 క్షిపణిని 2024 అక్టోబరు 1న బహిరంగంగా చూపించారు.

అవతల 2022 సెప్టెంబరు 8న ఉత్తర కొరియా అణుబలగాల మీద చట్టం చేసింది. నాయకత్వం మీద దాడి జరిగినా, జరగబోతోందని తాము అనుకున్నా సరే, అది అణుదాడి కాకపోయినా సరే, తాము ముందు అణ్వాయుధం వాడొచ్చని అందులో ఉంది. ఆదేశాలిచ్చే వ్యవస్థ ప్రమాదంలో పడితే, ముందే రాసిపెట్టుకున్న పథకం ప్రకారం దాడి 'ఆటోమేటిగ్గా, వెంటనే' జరగాలనీ ఉంది.

ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. సియోల్ వాడు తలకాయని కొడతానని బెదిరిస్తున్నాడు, ప్యాంగ్యాంగ్ వాడు తలకాయ పోయినా చేతులు పనిచేస్తాయంటున్నాడు. అందుకే గట్టి ఉద్రిక్తతలో మామూలు యుద్ధ విమానం దారి తప్పి ప్యాంగ్యాంగ్ వైపు తిరిగినా, అది దేనికోసమో తేల్చుకునే తీరిక వాళ్లకుండదు. ఉంచుకుంటే పోతాయి, వాడేయడమే మేలనే లెక్క నడుస్తుంది. 'పిచ్చోడు' సిద్ధాంతం ఇక్కడ పనికిరాదు, బుద్ధిగా ఆలోచించేవాడే ఆ లెక్కకి వస్తాడు.

అన్నీ ఒకేసారి పేల్చేయడం కుదరదా అంటే, సిప్రి అనే స్వీడన్ పరిశోధన సంస్థ అంచనాలో వాళ్ల దగ్గర 50 దాకా అణు వార్‌హెడ్లు, అంటే క్షిపణి ముందు పెట్టే బాంబులు, ఉన్నాయి. ఏ సొరంగంలో ఏది ఉందో తెలియాలి, అసలు లారీకీ నకిలీ లారీకీ తేడా తెలియాలి. నాలుగు మిగిలినా చాలు. అణ్వాయుధం దాకా వెళ్లకపోయినా సియోల్ సరిహద్దుకి 50 కిలోమీటర్ల దూరమే. 170 మిల్లీమీటర్ల కోక్సాన్ ఫిరంగులు, 240 మిల్లీమీటర్ల రాకెట్ లాంచర్లు అటువైపే గురిపెట్టి ఉన్నాయి. నగరం, చుట్టుపక్కల ఊళ్లు కలిపి రెండున్నర కోట్ల జనం.

చెరువుగట్టు:
ఈ రెండు కాగితాల సంగతి ఎక్కడా వినలేదు. పొరపాటు జరిగితే? ఫోన్ చేసి "అది మేం కాదు" అని చెప్పుకునే దారి ఏదైనా ఉందా?

పాతరేడియో:
ఉంది, ఉండీ లేనట్టు. రెండు కొరియాల మధ్య లైన్లలో రోజూ పొద్దున, సాయంత్రం పలకరింపు కాల్స్ ఉండేవి. 2020 జూన్‌లో ఉత్తరాది ఆపేసింది, 2021లో మళ్లీ మొదలెట్టింది, 2023 ఏప్రిల్ 7 నుంచి ఫోన్ ఎత్తడం మానేసింది. రెండు కొరియాల సరిహద్దులోని పన్‌మున్‌జోమ్‌లో, అమెరికా నడిపే ఐక్యరాజ్యసమితి కమాండ్‌కి ఉత్తరాదితో మాట్లాడే ఒక గులాబీ రంగు ఫోన్ ఉంది. 2013లో అదీ మూగబోయింది. 2018లో మళ్లీ మోగేదాకా కబురు చెప్పాలంటే అమెరికా అధికారి సరిహద్దు గీత దగ్గరికెళ్లి మెగాఫోన్‌లో అరవాల్సి వచ్చేది. అణ్వస్త్ర రాజ్యంతో మాట్లాడే పద్ధతి అండీ ఇది! ప్రస్తుతానికి కాస్త నమ్మదగ్గ దారి ఆ గులాబీ ఫోనే.

పొరపాట్లంటారా, 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని తప్పుడు హెచ్చరిక పోయింది. కాదని ఫోన్లకి చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. ఇంకో రకం పొరపాటు 2023 మే 31న సియోల్‌లో. ఉత్తరాది ఉపగ్రహ రాకెట్ వదిలితే పొద్దున 6:41కి నగరపాలక సంస్థ నుంచి అందరి ఫోన్లకీ మెసేజ్: ఖాళీ చేయడానికి సిద్ధం కండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందు పంపండి. ఎందుకో లేదు, ఎక్కడికో లేదు. 7:03కి హోం శాఖ నుంచి, అది పొరపాటున పోయిందని ఇంకో మెసేజ్. అప్పటికి 22 నిమిషాలు గడిచాయి. ప్యాంగ్యాంగ్ నుంచి సియోల్‌కి క్షిపణి రావడానికి అందులో సగం కూడా పట్టదు.

జనం ఎక్కువగా పట్టించుకోని సంగతి ఇంకొకటి. అమెరికా నేల మీంచి వదిలే మినిట్‌మన్ అణు క్షిపణులు మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్ వైపు ఉన్నాయి. అక్కణ్ణుంచి ఉత్తర కొరియాకి దారి రష్యా మీదుగానే. రష్యా రాడార్‌లో అవి ఎవరికోసం వస్తున్నట్టు కనిపిస్తాయి? అందుకే ఎవరు మాట్లాడినా పసిఫిక్‌లోని జలాంతర్గాముల పేరే ఎత్తుతారు. అమెరికాని కాపాడే అడ్డు క్షిపణులు 44, అలాస్కాలో 40, కాలిఫోర్నియాలో 4. ఒక్కో వార్‌హెడ్‌కి నాలుగేసి వదిలారనుకుంటే పదకొండింటితో సరి.

ఇనపగుండు:
తుమ్మబంక గారి సవరణ ఒప్పుకుంటున్నా. అయితే ఖండాంతర క్షిపణుల కంటే కేఎన్-23 లాంటి తక్కువ దూరం వెళ్లేవే నన్ను ఎక్కువ భయపెడతాయి. అవీ ఘన ఇంధనమే, కిందుగా ఎగిరి చివర్లో దారి మారుస్తాయి. 2023 మార్చిలో చూపించిన హ్వాసాన్-31 చిన్న వార్‌హెడ్ ఇలాంటివాటికే అన్నారు. వచ్చేది మామూలు పేలుడు పదార్థమో అణ్వస్త్రమో పడేదాకా రాడార్ చెప్పలేదు.

చెరువుగట్టు:
సియోల్, సువాన్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఏం చెప్పాలి?

పాతరేడియో:
సైరన్ తేడా నేర్చుకోమనండి. ఒకే శ్రుతిలో మోగితే జాగ్రత్తపడమని. పైకీ కిందికీ ఊగుతూ మోగితే వైమానిక దాడి, వెంటనే భూగర్భంలోకి. మెట్రో స్టేషన్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగులు చాలావరకు ఆశ్రయాలే, గుమ్మం దగ్గర 'దేపిసో' అని కొరియన్‌లో బోర్డు ఉంటుంది. ఇంటికీ ఆఫీసుకీ దగ్గర్లో ఉన్నది ఒకసారి నడిచి చూసి పెట్టుకోవాలి. ప్రభుత్వ ఎమర్జెన్సీ రెడీ యాప్‌లో హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి. ఫోన్‌కి వచ్చేది ఎక్కువగా కొరియన్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ యాప్ ముందే వేసుకుని ఉంచుకోమనండి.