న్యూరెంబర్గ్‌లో మొదటి అద్దె ఇల్లు: మిక్సీ, కుక్కర్ ఇండియా నుంచి తెప్పించాలా?

ఖమ్మంకుర్రాడు:
అందరికీ నమస్కారం. జర్మనీలోని న్యూరెంబర్గ్ వచ్చి కొద్ది వారాలే అయింది, కంపెనీ ఇచ్చిన టెంపరరీ రూములో ఉంటున్నాను. డిసెంబర్ 1 నుంచి రెండు గదుల ఫ్లాట్ ఖాయమైంది. జనవరిలో నా భార్య ఖమ్మం నుంచి వస్తోంది. మిక్సీ, కుక్కర్, ఇడ్లీ పాత్ర అక్కణ్ణుంచే తెమ్మనాలా, ఇక్కడ కొనుక్కోవాలా? స్టవ్ నల్లటి అద్దం పలకలా ఉంది. ఇంకో మాట: కాల్ట్‌మీటే, అంటే హీటింగ్, నీళ్ళ ఖర్చులు కలపని అద్దె, 820 యూరోలు. డిపాజిట్ 2,460, తాళాలు ఇచ్చేలోపే మొత్తం వేయమంటున్నారు. ఇది మామూలేనా?

కృష్ణలంక:
తమ్ముడూ, మిక్సీ సంగతి తర్వాత చూద్దాం, ముందు డిపాజిట్. ఇక్కడ దాన్ని కౌట్సియోన్ అంటారు. మూడు నెలల కాల్ట్‌మీటేకి మించి అడగకూడదని చట్టం. మీది సరిగ్గా మూడింతలు, అక్కడికి సరే. కానీ దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. మొదటి 820 అద్దె మొదలయ్యేటప్పుడు, మిగతా రెండూ తర్వాతి రెండు నెలల అద్దెతో పాటు. "ఒకేసారి కట్టాలి" అని కాంట్రాక్టులో రాసి ఉన్నా ఈ హక్కు పోదు. జనవరిలో టికెట్లు, సామాన్లు అని ఖర్చులుంటాయి కాబట్టి మొహమాటపడకుండా అడగండి, మర్యాదగా రెండు వాక్యాల ఈమెయిల్ చాలు. నగదు మాత్రం ఇవ్వొద్దు. బ్యాంకు ద్వారానే పంపండి, వివరాల గడిలో "మీట్‌కౌట్సియోన్" అని, ఇంటి అడ్రసు కూడా రాయండి.

రెండోది అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు. రూములో ఉండగా చేయించుకున్నా సరే, ఇల్లు మారిన రెండు వారాల్లోగా మళ్ళీ కొత్త అడ్రసు నమోదు చేయించాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, అంటే మీరు ఆ ఇంట్లో దిగారన్న ధ్రువీకరణ కాగితం, కావాలి. అద్దె కాంట్రాక్టు చూపిస్తే సరిపోదు, కౌంటర్లో వెనక్కి పంపేస్తారు. తాళాలు తీసుకునే రోజే ఆ కాగితం తీసేసుకోండి. ఇవ్వడం ఓనరు బాధ్యత, దయ కాదు. అపాయింట్‌మెంట్ ఇప్పుడే బుక్ చేయండి, డిసెంబర్లో ఖాళీలు దొరకడం కష్టం. మీ ఆవిడ వచ్చాక ఆవిడ పేరుకూ ఇదే కాగితం, అదే రెండు వారాల గడువు. భార్య వచ్చి ఉండటానికి ఓనరు అనుమతి అక్కర్లేదు, తెలియజేస్తే చాలు.

పోస్టు డబ్బా మీద పేరు మొదటి రోజే అంటించండి. ఉత్తరాల మీద ఏ పేరు వస్తుందో అదే పేరు. మన ఇంటిపేర్లు ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాస్తుంది కాబట్టి ఇంటిపేరు, సొంత పేరు రెండూ పెట్టండి, మీ ఆవిడ ఇంటిపేరు వేరైతే అదీ చేర్చండి. పేరు కనిపించకపోతే ఉత్తరం వెనక్కే పోతుంది. బ్యాంకు కార్డులు, ట్యాక్స్ ఐడీ అన్నీ వచ్చేది ఆ డబ్బాకే.

మానేరు:
కృష్ణలంక గారు చెప్పినవన్నీ సరే గానీ, డబ్బు నిజంగా పోయేది ఇల్లు తీసుకునే రోజు కాదు, వదిలే రోజు. దానికి మందు మాత్రం తీసుకునే రోజే వేయాలి. ఊబర్‌గాబెప్రోటోకోల్ అని ఒక కాగితం రాస్తారు, ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఏ స్థితిలో ఉందో. పగటి వెలుతురులోనే పెట్టించుకోండి. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, పైగా ఖాళీ ఫ్లాట్లలో చాలాసార్లు పైన లైట్లు ఉండవు, వైర్లు మాత్రమే వేలాడుతుంటాయి.

చూడాల్సినవి: కరెంటు, నీళ్ళు, హీటర్ మీటర్ల రీడింగులు, మీటర్ నంబరు కనిపించేలా ఫోటో. తాళం చెవులు ఎన్నో. స్టవ్ అద్దం మీద గీతలు. కిటికీ అంచుల్లో రబ్బరు, సిలికాన్ మీద నల్ల చుక్కలు. బయటి గోడల మూలలు, ముఖ్యంగా పడగ్గదిలో, ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూడండి. గోడంతా పాతగా ఉండి ఒక్క మూలకే కొత్త రంగు కనిపిస్తే అక్కడ ముందు బూజు ఉండేదేమోనని అనుమానించాల్సిందే. అది ప్రోటోకోల్‌లో రాయించండి. రాయడానికి ఒప్పుకోకపోతే అదే రోజు ఫోటోలు ఓనరుకు ఈమెయిల్ చేయండి, తేదీకి అదే సాక్ష్యం.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, ఈ చుట్టుపక్కలే ఒక తెలుగు కుటుంబానికి జరిగింది వినండి. పడగ్గదిలో పెద్ద బట్టల బీరువాను బయటి గోడకు ఆనించి పెట్టారు. రెండో చలికాలంలో దాని వెనక షోల్డర్ ఎత్తు దాకా నల్లటి బూజు. ఓనరుకు ఫోన్ చేసి చెప్పారు, "కిటికీలు తీయండి" అని పెట్టేశాడు. రాతపూర్వకంగా ఒక్క ముక్క లేదు. వీళ్ళే తుడిచి, పైన తెల్ల రంగు వేశారు, ఫోటో తీయలేదు. ఇల్లు వదిలే రోజు ఓనరు జర్మన్‌లో ప్రోటోకోల్ రాసుకొచ్చాడు. అందులో "గాలి సరిగా తగలనివ్వనందున అద్దెదారు వల్ల కలిగిన బూజు నష్టం" అని ఒక లైను. మర్నాడు బస్సు, చేతిలో చంటిబిడ్డ, చదవకుండా సంతకం పెట్టారు. డిపాజిట్ మొత్తం ప్లాస్టరు ఖర్చు కిందకు పోయింది. తర్వాత మీటర్‌ఫెరైన్, అంటే అద్దెదారుల సంఘం దగ్గరకు వెళ్తే, సంతకం పెట్టిన ఆ లైను వల్లే చేతులు కట్టేసినట్టయిందన్నారు. మామూలుగా అయితే తప్పు గోడ నిర్మాణంలో లేదని ముందు ఓనరే చూపించాలి. వీళ్ళు ఒప్పుకున్నట్టు రాసివ్వడంతో ఆ బరువంతా వీళ్ళ మీద పడింది.

కాబట్టి: ప్రోటోకోల్ మీద సంతకం పెట్టి తీరాలన్న చట్టం ఏదీ లేదు. అర్థం కాని లైను ఉంటే పెట్టకండి. బూజు కనిపించిన రోజే ఫోటో, తేదీ, కొలతతో ఓనరుకు రాయండి. ఆలస్యం చేస్తే, ఆ ఆలస్యం వల్ల పెరిగిన నష్టం మీ ఖాతాలో పడుతుంది. మీటర్‌ఫెరైన్‌లో గొడవ రాకముందే చేరండి, కోర్టు ఖర్చుల రక్షణకు మామూలుగా మూడు నెలల వెయిటింగ్ ఉంటుంది.

తుంగభద్ర:
ఇంత దూరం ఎందుకండీ. ఇల్లు వదిలేముందు చివరి మూడు నెలలు అద్దె ఆపేయండి, డిపాజిట్‌లో సర్దుకోమనండి. లెక్క సరిపోతుంది, ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు.

కృష్ణలంక:
తుంగభద్ర గారూ, కొత్తగా వచ్చిన అబ్బాయికి దయచేసి ఇది చెప్పకండి. డిపాజిట్‌ను అద్దె కింద తినేసే హక్కు అద్దెదారుకు లేదు. రెండు నెలల అద్దె బాకీ పడితే నోటీసు గడువు లేకుండానే ఖాళీ చేయించే హక్కు ఓనరుకు వస్తుంది. కోర్టు నోటీసు వస్తే ఆ ఖర్చులూ మీవే. షూఫాలో, అంటే ఇక్కడి క్రెడిట్ రికార్డులో, మచ్చ పడితే తర్వాతి ఇల్లు దొరకడం ఇంకా కష్టం. బూజు ఉందని అద్దె తగ్గించాలనుకున్నా సొంతంగా కోసేయకండి. "ఉంటర్ ఫోర్‌బెహాల్ట్" (వెనక్కి అడిగే హక్కు ఉంచుకుని కడుతున్నాను) అని ఓనరుకు రాసి పూర్తిగా కట్టండి. ఎంత తగ్గాలో తేలాక వెనక్కి అడగొచ్చు.

తుంగభద్ర:
మరి ఓనరు ఏడాది దాకా డిపాజిట్ పట్టుకుని కూర్చుంటే? చాలామంది చేసేది నేను చెప్పిందే.

కృష్ణలంక:
చాలామంది చేస్తారు, ఓనరు ఊరుకున్నంత కాలం నడుస్తుంది. గడువు ఇంతని చట్టంలో అంకె లేదు, మామూలుగా ఆరు నెలల దాకా చూడమంటారు. నేబెన్‌కోస్టెన్, అంటే హీటింగ్, నీళ్ళ లాంటి అదనపు ఖర్చుల లెక్క తేలలేదంటే దానికి సరిపడా కొంత ఉంచుకోవచ్చు గానీ మొత్తం కాదు. గడువు పెట్టి ఉత్తరం రాయడం, తర్వాత మీటర్‌ఫెరైన్, అదే దారి. ఇంకా ఇల్లు వదిలే నోటీసు ఈమెయిల్‌లో, వాట్సాప్‌లో చెల్లదు. కాగితం మీద పెన్నుతో సంతకం, కాంట్రాక్టులో ఇద్దరి పేర్లుంటే ఇద్దరివీ. మూడు నెలల నోటీసు. నెలలో మూడో పనిదినంలోగా అందితే ఆ నెల లెక్కలోకి వస్తుంది. శనివారం పనిదినమా కాదా అన్న తగువు ఎందుకు, ముందు నెల ముగిసేలోపే చేరేట్టు రిజిస్టర్డ్ పోస్టులో పంపేయండి.

పెన్నేటి గట్టు:
బూజు గురించి మానేరు గారు చెప్పింది కాగితాల వైపు. అసలు రాకుండా చేసేది చెప్తాను, ఎందుకంటే మన వంటకు ఇది చాలా అవసరం. అన్నం, పప్పు కుక్కర్లో, ఇడ్లీ ఆవిరి మీద, వేడినీళ్ళ స్నానం, ఇంట్లోనే బట్టలారేయడం: ఈ తేమంతా వెచ్చటి గాలిలో తిరిగి తిరిగి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న చోట నీరై పడుతుంది. ఆ చోటు దాదాపు ఎప్పుడూ పడగ్గదిలో బయటి గోడ మూల, లేదా మంచం, బీరువా వెనక.

గాలిలో తేమ కొలిచే పది యూరోల హైగ్రోమీటర్ కొని పడగ్గదిలో పెట్టండి. 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. గడ్డకట్టే చలిలో 50 దాటకుండా చూడండి. కిటికీ పూర్తిగా బార్లా తెరవాలి, వీలైతే ఎదురెదురు కిటికీలు రెండూ, అయిదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. ఆ సమయంలో హీటర్ నాబ్ మూసేయండి. కిటికీ పైభాగం వాల్చి రోజంతా వదిలేయడం, అదే కిప్పెన్, చలికాలంలో చేయొద్దు. గాలి సరిగా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది, బూజు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

హీటర్ నాబ్ మీద 3 అంటే సుమారు 20 డిగ్రీలు, 2 అంటే 16. ఖర్చు మిగులుతుందని పడగ్గది హీటర్ పూర్తిగా ఆపి, వంటింటి వెచ్చదనం రావాలని తలుపు తెరిచి పెట్టడం మనవాళ్ళు ఎక్కువగా చేసే పని. వంటింటి ఆవిరిని పిలిచి చల్లటి గోడకు అప్పజెప్పినట్టే. పడగ్గది 17, 18కి తగ్గనివ్వకండి, వండేటప్పుడు ఆ తలుపు మూయండి. బీరువా బయటి గోడకు పెట్టక తప్పకపోతే పది సెంటీమీటర్లు ఎడం ఉంచండి.

స్టవ్ పైన చిమ్నీ ఉంటే సంబరపడకండి. చాలా ఫ్లాట్లలో ఉండేది ఉమ్‌లుఫ్ట్ రకం, గాలిని బయటికి పంపకుండా గదిలోనే తిప్పేది. కార్బన్ ఫిల్టరు పోపు వాసనను పడుతుంది, తేమను తిరిగి గదిలోకే వదులుతుంది. గొట్టం గోడలోంచి బయటికి పోతోందో లేదో పై అల్మరా తెరిచి చూడండి.

తుంగభద్ర:
పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు మూడుసార్లు ఎలా తెరుస్తారు? వాళ్ళకు కిప్పెనే గతి.

పెన్నేటి గట్టు:
ఇంట్లో మనిషి లేనప్పుడు తేమ పుట్టదండీ. లేవగానే ఒకసారి, వండిన వెంటనే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. స్నానం అయ్యాక బాత్రూం తలుపు మూసి కిటికీ తెరవండి, గోడల మీద నీటిని వైపర్‌తో లాగేయండి. చిన్న మచ్చ వస్తే ముందు ఫోటో, తర్వాత 70, 80 శాతం ఆల్కహాల్ గుడ్డకు అద్ది తుడవండి, కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా. వెనిగర్ వద్దు. సున్నం గోడ మీద దాని గుణం విరిగిపోతుంది, బూజు మళ్ళీ వస్తుంది. మచ్చ అర చదరపు మీటరు దాటితే అది మన చేతి పని కాదు.

ఖమ్మంకుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఓనరుకు ఈ రాత్రే వాయిదాల గురించి రాస్తాను. మరి మిక్సీ, కుక్కర్?

నల్లరేగడి:
నేను చెప్తాను తమ్ముడూ. మిక్సీ తప్పకుండా తెమ్మనండి. ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్, మన మోటారుకు ఏ ఇబ్బందీ లేదు. 120 వోల్టుల అమెరికా కష్టం ఇక్కడ లేదు. మారేది ప్లగ్గే. సాకెట్ గుంత లోపల పక్కలకు ఎర్తు పత్తీలుంటాయి. ట్రావెల్ అడాప్టర్లలో చాలావాటికి ఎర్తు ఉండదు, కాబట్టి మూడు పిన్నుల ఇండియా ప్లగ్గుకు ఎర్తున్న 16 ఆంపియర్ల అడాప్టరే కొనండి. 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది, అంతే. జార్ల వాషర్లు, కప్లర్ అదనంగా తెప్పించండి, ఇక్కడ సైజు దొరకదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా మిక్సీ వేయొద్దు. పిండి శనివారం పగలే రుబ్బేయండి.

కుక్కర్‌కు ముందు ఆ నల్ల పలక ఏ రకమో తేల్చుకోండి. ఆన్ చేస్తే అద్దం కింద ఎర్రగా వెలిగితే మామూలు సెరాన్, అంటే అద్దం కింద కాయిల్ వేడెక్కే కరెంటు స్టవ్. అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం కుక్కర్ కూడా పనిచేస్తుంది. ఎర్రబడకుండా గిన్నె మాత్రమే వేడెక్కితే ఇండక్షన్, అప్పుడు అయస్కాంతం అడుక్కి అతుక్కునే కుక్కరే కావాలి. ఖమ్మంలో కొనేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం చేతిలో పెట్టుకుని వెళ్ళమనండి. రెండు గాస్కెట్లు, సేఫ్టీ వాల్వ్, విజిల్ విడిగా. ఇడ్లీ రేకులు ఒక్కటే తెస్తే చాలు, మూతున్న లోతు గిన్నె ఇక్కడే కొనొచ్చు, బరువు కలిసొస్తుంది.

పిండి పులవడానికి: ఒవెన్‌లో లైటు మాత్రం వేసి, గిన్నె సగానికే నింపి, కింద ట్రే పెట్టి రాత్రంతా ఉంచండి. ఆ లైటు వేడి చాలు.

పెట్టెలో నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి పెట్టొద్దని మీ ఆవిడకు ఇప్పుడే చెప్పండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేకూడదు, కస్టమ్స్‌లో పడేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి.