అప్‌డేట్: వదినకి ముద్ర లోన్ వచ్చింది

గాజువాకలో జాకెట్లు కుట్టే మా వదినని ముద్ర లోన్‌కి (చిన్న వ్యాపారాలకి కేంద్ర పథకం కింద బ్యాంకులిచ్చే అప్పు) హామీ తెమ్మని ఒక బ్యాంకులో తిప్పి పంపేశారని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే 50 వేల లోపు 'శిశు' (ముద్రలో అన్నిటికంటే చిన్న లోన్ రకం) కింద అడిగాం. ముద్రలో హామీగా తాకట్టు ఏదీ అక్కర్లేదని 2015 నుంచీ ఉన్న నిబంధనే. అయినా పాత బ్రాంచిలో వాదించే ఓపిక లేక, వదినకి ఖాతా ఉన్న ఇంకో బ్రాంచికి వెళ్లాం. ఆధార్, పాన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), పీకో మెషీన్ కొటేషన్ ఇచ్చాం. ఉద్యమ్‌కి బయట ఒకాయన 2 వేలు అడిగాడు. దయచేసి ఇవ్వకండి, ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం.

అన్నిటికంటే పనికొచ్చింది వదిన లెక్కల నోటుబుక్కు. ఎవరి జాకెట్, ఎంత కూలి, ఎప్పుడిచ్చారు, అన్నీ తేదీలతో రాసుకుంది. మేనేజరు గారు పేజీలు తిప్పి, చాలాసేపు చూశారు. మూడు వారాల టెన్షన్ తర్వాత 45 వేలు మంజూరయ్యాయి.

సబ్సిడీ ఎంత అని అడిగినవాళ్లకి: ముద్రలో సబ్సిడీ ఉండదు, వడ్డీతో కట్టాల్సిందే. సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ అని, సొంతంగా వ్యాపారం పెట్టుకునేవాళ్లకి కేంద్రానిదే వేరే పథకం ఉంది.

మెషీన్ నిన్న వచ్చింది. వదిన చీరలకి ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది.