పబ్లిక్ ఛార్జర్ బిల్లు: యూనిట్‌కి కట్టాలా, నిమిషానికి కట్టాలా? ఈ ఐడిల్ ఫీజు గోలేంటి?

రేంజ్_భయం:
అందరికీ నమస్తే. ఎలక్ట్రిక్ కారు కొని నాలుగు నెలలైంది. ఇంట్లోనే రాత్రిపూట పెట్టుకుంటా కాబట్టి ఇన్నాళ్ళూ బయట ఛార్జర్ల జోలికి పోలేదు. మొన్న లాంగ్ ట్రిప్‌లో మొదటిసారి డీసీ (డైరెక్ట్ కరెంటు, నేరుగా బ్యాటరీకి ఎక్కించేది) ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగా, బిల్లు చూశాక బుర్ర తిరిగింది.

యాప్‌లో 38 యూనిట్లకి బిల్లేశారు. కారులో చూస్తే ఎక్కింది 34. మిగతా నాలుగు ఎవరు తాగారు? ఇది ఒకటి. ఇంకోటి, గన్ (అదే, కారుకి గుచ్చే ఛార్జింగ్ ప్లగ్గు) పెట్టి కాసేపు కూర్చుని తర్వాత పనుండి అలా వెళ్ళా, ఈలోపు ఫోన్ స్విచ్చాఫ్ (కారుకి ఛార్జింగ్ పెట్టి ఫోన్‌కి పెట్టుకోవడం మర్చిపోయిన మొనగాణ్ణి నేనే), వచ్చేసరికి బ్యాటరీ 100 శాతం నిండి 22 నిమిషాలైందట, దానికి ఐడిల్ ఫీజు అని నిమిషానికింత అని లాగారు. అసలు కరెంటే తీసుకోనప్పుడు డబ్బులెందుకు కట్టాలి?

అన్నిటికంటే కోపమొచ్చింది ఏంటంటే, వెనకాల ఆగున్న ఒకాయన "80 దాటాక తీసెయ్యాలని తెలీదా" అని నలుగురి ముందు అరిచాడు. నా డబ్బు, నా బ్యాటరీ, 100 దాకా పెట్టుకుంటే ఆయనకేం పోయింది? తిరుగు ప్రయాణంలో ఆగిన చోట యూనిట్ల లెక్కే లేదు, నిమిషాల లెక్క. అసలు ఏది న్యాయమో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_వైర్‌మ్యాన్:
ముందు ఆ నాలుగు యూనిట్ల సంగతి. ఛార్జింగ్ టైంలో కారులో ఏసీ వేసుకుని కూర్చున్నావా? కూర్చుంటే ఒక యూనిట్ దాకా అక్కడే పోయుంటుంది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి కారు సొంతంగా పంపు, కంప్రెసర్ తిప్పుకుంటుంది, అదీ ఛార్జర్ ఇచ్చే కరెంటులోంచే. లోపల వేడిగా పోయేది వేరే. పైగా కారులో కనిపించే 34 అనేది మీటర్ కాదు బాబూ, పర్సెంటేజీ మీద కారు వేసుకున్న అంచనా. ఇవన్నీ కలిపితే పదో వంతు తేడా పెద్ద వింతేం కాదు. ఇంట్లో ఏసీ (ఇది చల్లబరిచే ఏసీ కాదు, ఇంటి ప్లగ్గులో వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటు) ఛార్జింగ్‌లోనూ ఇంచుమించు అంతే పోతుంది, ఇంటి మీటర్‌ని కారు లెక్కతో పోల్చి చూడం కాబట్టి తెలీదు అంతే.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మెషిన్‌లో మీటర్ ఎక్కడుంది? గ్రిడ్ నుంచి వచ్చేది ఏసీ, మెషిన్ దాన్ని డీసీ చేసి కారుకిస్తుంది, ఆ మార్చడంలో కొంత పోతుంది. మీటర్ లోపలికొచ్చే వైపుంటే ఆ నష్టం నీ నెత్తిన, గన్ వైపుంటే వాళ్ళ నెత్తిన. గన్ దాటి బయటికొచ్చిన యూనిట్లకే బిల్లెయ్యాలి, అది ధర్మం. మెషిన్ వేడి నేనెందుకు కొనుక్కోవాలి.

నిమిషాల లెక్క గురించి: నీ కారు 50 కిలోవాట్లకి (అంటే గంటకి 50 యూనిట్ల స్పీడుకి) మించి తీసుకోదనుకో, పక్కాయన కారు 100 తీసుకుంటుంది. ఇద్దరూ అరగంట పెట్టారు. ఆయనకి 50 యూనిట్లు, నీకు 25, బిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. అంటే యూనిట్‌కి నువ్వు రెట్టింపు కట్టినట్టు. చలికి బ్యాటరీ గడ్డకట్టినట్టుంటే ఇంకా నెమ్మదిస్తుంది, నీకు ఇంకా ఎక్కువ పడుద్ది. అన్నిటికంటే ఘోరం, ఒకే మెషిన్‌కి రెండు గన్‌లుంటే చాలాచోట్ల పవర్ పంచుకుంటాయి. నువ్వు పెట్టుకున్నాక పక్కకి ఇంకో కారు వస్తే నీ స్పీడ్ సగానికి పడొచ్చు, నీ తప్పేమీ లేకుండా నిమిషాలు పెరుగుతాయి. కాబట్టి కరెంటుకి యూనిట్ లెక్కే న్యాయం, నిమిషాల లెక్క కాదు.

వెయిటింగ్_లిస్ట్:
వైర్‌మ్యాన్ గారు మీటర్ గురించి బాగా చెప్పారు గానీ బ్రో, నువ్వు అడిగిన "ఆయనకేం పోయింది" అన్నదానికి నేను చెప్తా ఎందుకంటే అలా వెనకాల ఆగున్నవాణ్ణి చాలాసార్లు నేనే. అరవడం తప్పు, ఒప్పుకుంటా. కానీ లెక్క చూడు. నా కారు బ్యాటరీ దగ్గర దగ్గర 50 యూనిట్లది. 10 నుంచి 80 దాకా అంటే 35 యూనిట్లు, అరగంటలో ఎక్కేస్తాయి. 80 నుంచి 100 అంటే పదే యూనిట్లు, దానికి మళ్ళీ ఇంకో అరగంట పైనే! నిండేకొద్దీ బ్యాటరీ తనే కరెంటు తగ్గించుకుంటుంది, నువ్వు 150 కిలోవాట్ల మెషిన్‌కి పెట్టినా చివర్లో అది ఇంట్లో ప్లగ్గు కంటే కొంచెం మెరుగ్గా పనిచేస్తుంది అంతే. అంటే నువ్వు ఆ చివరి పది యూనిట్లు తాగే టైంలో వెనకాలోడు వచ్చి ఛార్జ్ చేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఇక ఐడిల్ ఫీజు... కరెంటు తీసుకోనప్పుడు డబ్బులెందుకు అంటున్నావు, తీసుకోవట్లేదు కాబట్టే బ్రో! అక్కడ కరెంటుకి కరువు లేదు, గన్‌కి కరువు. 22 నిమిషాలు ఆ గన్ ఎవరికీ కాకుండా నీ కారుకి వేలాడింది. నీకు ఫోన్ ఆఫ్ అయింది పాపం, కానీ అక్కడ నిలబడ్డోడికి అది తెలీదు కదా.

రెండు_గన్నుల_ఓనర్:
నాకు చిన్న ఛార్జింగ్ పాయింట్ ఉంది, 120 కిలోవాట్ల మెషిన్ ఒకటి, రెండు గన్‌లు. మా గోడు కూడా వినండి, ఎందుకంటే "ఇంటి రేటుకి అన్ని రెట్లు ఎందుకు" అని రోజూ ఎవరో ఒకరు నన్ను దొంగని చూసినట్టు చూస్తారు.

మాకు కరెంటు బిల్లులో యూనిట్ల ఛార్జీ ఒక్కటే కాదు, డిమాండ్ ఛార్జీ అని ఇంకోటి ఉంటుంది. నెల మొత్తంలో ఏదో ఒక్కరోజు రెండు కార్లు ఒకేసారి వచ్చి ఫుల్లుగా 120 లాగితే, మిగతా రోజులు ఈగలు తోలుకున్నా సరే ఆ 120కి కట్టాలి. కొన్నిచోట్ల అసలు ఎవరూ లాగకపోయినా తీసుకున్న లోడ్‌లో ఇంత భాగానికని కట్టించుకుంటారు. ఇప్పుడు లెక్కెయ్యండి, సగటున 50 కిలోవాట్ల చొప్పున రోజుకి రెండు గంటలు నడిస్తే నెలకి 3000 యూనిట్లు. ఎనిమిది గంటలు నడిస్తే 12000. డిమాండ్ ఛార్జీ, స్థలం అద్దె, మెషిన్ కిస్తీ అవే. అంటే ఖాళీగా ఉండే పాయింట్‌లో ప్రతి యూనిట్ మీద పడే భారం నాలుగు రెట్లు. మా రేటు ఎక్కువుండటానికి అసలు కారణం ఇదీ, కరెంటు ధర కాదు.

అందుకే ఐడిల్ ఫీజు నాకు ఆదాయం అనుకోకండి, దాని మీద నాకొచ్చేది ఏమీ లేదు, గన్ ఖాళీ అయి ఇంకో కారు పెట్టుకుంటే వచ్చేదే ఎక్కువ. నేను ఛార్జింగ్ అయిపోయాక పది నిమిషాలు ఆగి మొదలెడతా. రెండో గన్ ఖాళీగా ఉంటే అసలు వెయ్యను, ఎవరికీ అడ్డం లేనప్పుడు జరిమానా ఏంటి. రాత్రి పదకొండు తర్వాత కూడా వెయ్యను. నిద్రలేచి వచ్చి గన్ తియ్యమనడం నాకే బాగోదు.

మూడో_ఫ్లోర్:
అందరూ ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవాళ్ళే మాట్లాడుతున్నారు, కాస్త మా సంగతి కూడా చూడండి. మాకు కింద పార్కింగ్‌లో పాయింట్ పెట్టుకోనివ్వట్లేదు, నాకు ఉన్నదల్లా పబ్లిక్ ఛార్జరే. మీకు అది నెలకోసారి ట్రిప్‌లో, నాకు వారానికి రెండుసార్లు. "80కి తీసెయ్" అంటే నేను వారానికి మూడోసారి కూడా రావాలి, అప్పుడు క్యూ పెరగదా? పైగా నాది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీ, అప్పుడప్పుడు 100 చెయ్యమని కంపెనీ వాళ్ళే మాన్యువల్‌లో రాశారు, లేకపోతే పర్సెంటేజీ తప్పు చూపిస్తుంది. ఇంట్లో పాయింట్ లేనోడు ఎక్కడ చెయ్యాలి మరి?

స్థోమత ఉండి సొంత పార్కింగ్ ఉన్నోడికి చవక కరెంటు, లేనోడికి ఖరీదు కరెంటు, దాని మీద జరిమానా. న్యాయం అనే మాట వాడితే ఇక్కణ్ణుంచి మొదలెట్టాలి.

పాత_వైర్‌మ్యాన్:
@మూడో_ఫ్లోర్ మీ మాటలో నిజముంది, నేను కాదనను. కానీ మీకు కావాల్సింది ఫాస్ట్ ఛార్జర్ కాదండీ, కారు ఎలాగూ గంటలకొద్దీ ఆగుండే చోట్ల, ఆఫీసు దగ్గర, వీధి చివర, 7 కిలోవాట్ల మామూలు ఏసీ పాయింట్లు బోలెడు రావాలి. 100 చేసుకోవడానికి అదే సరైన చోటు, అక్కడ ఎవరూ మిమ్మల్ని తొందర పెట్టరు. అవి లేకపోబట్టే అందరూ ఒకే డీసీ గన్ మీద పడుతున్నారు. అవి వచ్చేదాకా నేనైతే 80 దాటాక ఫీజు వెయ్యమనను, క్యూ ఉన్నప్పుడు మాత్రమే వెయ్యమంటా.

ఇదేం నా సొంత తెలివి కాదు లెండి. టెస్లా వాళ్ళు 2016 డిసెంబర్‌లో ఐడిల్ ఫీజు పెట్టినప్పుడు ఐదు నిమిషాల్లో కారు తీస్తే మాఫీ అన్నారు, తర్వాత స్టేషన్ సగమన్నా నిండితేనే వేస్తాం, పూర్తిగా నిండితే రెట్టింపు అని మార్చారు. యూరోపియన్ యూనియన్‌లో 2024 ఏప్రిల్ 13 నుంచి అమల్లోకొచ్చిన రూల్ ప్రకారం కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై ఛార్జర్లలో అప్పటికప్పుడు వచ్చి పెట్టుకునేవాళ్ళకి యూనిట్ లెక్కనే రేటు ఉండాలి, ఎక్కువసేపు ఆపకుండా నిమిషానికింత అని అదనంగా వేసుకోవచ్చు, ఆ రేట్లు మొదలెట్టకముందే కనపడాలి. నేను మొదట చెప్పిందీ అదే, కరెంటుకి యూనిట్, ఆపినందుకు నిమిషం. రెండూ కలిపేసి ఒకే నిమిషాల రేటు చేస్తేనే తంటా.

రేంజ్_భయం:
థాంక్స్ అందరికీ. ఏసీ వేసుకుని కూర్చున్న మాట నిజమే, ఓ ముప్పావు గంట, ఫుల్లు మీద. ఐడిల్ ఫీజు గురించి ఇక గొడవ పడను, అయితే ఆ యాప్‌లో రేటు పేజీలో ఎక్కడా అది కనపడలేదు, బిల్లులోనే మొదటిసారి చూశా, దాని మీద మాత్రం కంప్లైంట్ పెడతా. ఇంకొక్కటి, ఎవరిదైనా ఛార్జింగ్ అయిపోయి మనిషి కనపడకపోతే గన్ మనమే తీసి పెట్టుకోవచ్చా?

రెండు_గన్నుల_ఓనర్:
తీయబోయినా చాలా కార్లలో రాదు, గన్‌ని కారే లాక్ చేసి పట్టుకుంటుంది, ఓనర్ అన్‌లాక్ చేస్తేనే వదుల్తుంది. బలంగా లాగితే లాక్ పిన్ విరుగుద్ది, అది మీ మీదకొస్తుంది. లాక్ లేకపోయినా సెషన్ ఇంకా నడుస్తుంటే ముట్టుకోవద్దు. మెషిన్ మీద హెల్ప్‌లైన్ నంబర్ ఉంటుంది, మాకు చెప్తే ఆ కస్టమర్‌కి మేమే ఫోన్ చేస్తాం. ఇంకో పని చెయ్యండి, గన్ పెట్టినప్పుడు మీ నంబర్ ఒక చీటీ మీద రాసి అద్దం దగ్గర పెట్టి వెళ్ళండి. మా దగ్గరికొచ్చే రెగ్యులర్లు చాలామంది అదే చేస్తారు. మీ విషయంలో ఫోన్ కూడా ఆన్‌లో ఉంటే మంచిది 😄